పట్టకపోతే ఏం చేస్తారు?

సీ లాంగ్వేజ్ నేర్చుకుంటున్న పిల్లలకు నేనిచ్చే మొదటి పని చాలా చిన్నది. ఒక పేరు ఇస్తాను, దాన్ని పెట్టడానికి 8 బైట్ల చోటు ఇస్తాను, కాపీ చెయ్యమంటాను. ఎక్కువమంది వెంటనే కీబోర్డు అందుకుంటారు. స్ట్రింగ్‌ను కాపీ చేసే స్టర్‌కాపీ ఫంక్షన్ రాసి, సెమీకోలన్ పెట్టి, పనైపోయినట్టు తలెత్తి చూస్తారు. ఎక్కడో ఒకరు మాత్రం చెయ్యి ఆపి, "పేరు ఎంత పొడవుండొచ్చు సార్? పట్టకపోతే ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్లు మంచి ప్రోగ్రామర్లు అవుతారని ధైర్యంగా చెప్పగలను. మిగతావాళ్లూ అవుతారు, ఆ ప్రశ్న అలవాటైతే.

అలవాటు అంటున్నాను, తెలివి అనడం లేదు. ర్యాంకులు కొట్టినవాళ్లు కూడా ఈ ప్రశ్న దగ్గర జారిపడటం మామూలే. వాళ్లకు సీ రాక కాదు. పని మొదలుపెట్టేముందు ఒక్క క్షణం ఆగడం ఎవరూ గట్టిగా నేర్పలేదు, అంతే. ఆ ఒక్క క్షణం విలువ ఎంతో ముందు కళ్లారా చూద్దాం.

బస్సు టికెట్ల ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. ఒక స్ట్రక్చర్‌లో ముందు ఊరి పేరుకు 8 బైట్ల అర్రే, దాని వెనకే చార్జీకి 4 బైట్ల ఇంటిజర్. చార్జీలో ముందే 300 వేసేశారు. ఇప్పుడు ఊరి పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో స్టర్‌కాపీతో ఎక్కిస్తున్నారు. గుంటూరుకు ఇంగ్లిష్‌లో 6 అక్షరాలు. సీలో ప్రతి స్ట్రింగ్ చివరా "ఇక్కడితో సరి" అని చెప్పే సున్నా బైటు ఒకటుంటుంది కాబట్టి మొత్తం 7. సుఖంగా పట్టింది.

నల్గొండకు ఇంగ్లిష్‌లో 8 అక్షరాలు. చోటూ 8 బైట్లే. చూడగానే సరిపోయిందనిపిస్తుంది. కానీ చివరి సున్నాకు చోటేదీ? అది తొమ్మిదో బైటులో, అంటే చార్జీ మొదటి బైటులో పడుతుంది. 300 అంటే 256కు 44 కలపడం. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు సంఖ్యలో చిన్న బైటును ముందు పెడతాయి కాబట్టి తుడిచిపెట్టుకుపోయేది ఆ 44. చార్జీ 256 రూపాయలైపోయింది. ఎర్రర్ రాలేదు, ప్రోగ్రామ్ ఆగలేదు, టికెట్ అచ్చయి బయటకొచ్చింది.

సికింద్రాబాద్ అయితే 12 అక్షరాలు. చివరి నాలుగూ, ఏ, బీ, ఏ, డీ, నేరుగా చార్జీలో కూర్చుంటాయి. ఆ నాలుగు అక్షరాల్ని సంఖ్యగా చదివితే టికెట్ ధర 168 కోట్ల 41 లక్షల 3 వేల 777 రూపాయలు. సున్నా బైటు స్ట్రక్చర్ దాటి ఇంకా అవతల ఎక్కడో పడుతుంది.

ఈ రెండింట్లో ఏది ప్రమాదం? నన్నడిగితే నల్గొండే. 168 కోట్ల టికెట్ చూస్తే ఎవరైనా అరిచి గోల చేస్తారు, ఆ సాయంత్రానికల్లా తప్పు దొరుకుతుంది. 256 రూపాయల టికెట్ ఎవరి కంటా పడదు. రోజూ ప్రతి నల్గొండ టికెట్ మీదా 44 రూపాయలు పోతూనే ఉంటాయి, లెక్క తేలక ఎవరో ఒక గుమాస్తా మాట పడుతూనే ఉంటాడు. మామూలు కంపైలర్‌తో, రక్షణ ఆప్షన్లు పెట్టకుండా చేస్తే జరిగే సంగతి ఇది. సీ ప్రమాణం ప్రకారమైతే హద్దు దాటాక ఏం జరుగుతుందో చెప్పే పూచీయే లేదు.

ఇంత ముఖ్యమైన ప్రశ్నను సీ భాష తనంతట తాను ఎందుకు అడగదు? 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఈ భాషను తీర్చిదిద్దే నాటికి మెమరీని కిలోబైట్లలో లెక్కపెట్టుకునేవారు. ప్రతి చెకింగూ ఖర్చే. ప్రోగ్రామ్ రాసేవాళ్లూ వాడేవాళ్లూ చాలావరకు ఒకే చోటివాళ్లు. చోటు సంగతి ప్రోగ్రామర్ చూసుకుంటాడని భాష నమ్మింది. అందుకే స్టర్‌కాపీకి మనం చెప్పేవి రెండే: ఎక్కడికి, ఎక్కడి నుంచి. అక్కడ ఎంత చోటుందో చెబుదామన్నా వినే వీలు దానికి లేదు. సున్నా కనబడేదాకా కాపీ చేసుకుంటూ పోతుంది.

ఆ నమ్మకం ఎంత ఖరీదైందో 1988 నవంబర్ 2న లోకానికి తెలిసింది. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన ఒక ప్రోగ్రామ్ రాత్రికి రాత్రి ఇంటర్నెట్‌ను కుదిపేసింది. అది దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే సర్వీసు. ఒక యంత్రంలో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో లాంటి వివరాలు చెప్పడం దాని పని. తనకు వచ్చిన ప్రశ్నను అది గెట్స్ అనే ఫంక్షన్‌తో 512 బైట్ల బఫర్‌లోకి చదువుకునేది. గెట్స్‌కూ చోటెంతో చెప్పే వీలు లేదు. మోరిస్ ప్రోగ్రామ్ 536 బైట్లు పంపింది. ఎక్కువైన ఆ కొన్ని బైట్లు, పనయ్యాక తిరిగి ఎక్కడికి వెళ్లాలో రాసిపెట్టుకున్న చిరునామాను చెరిపి కొత్త చిరునామా రాశాయి. ఆ చిరునామాలో ఉన్నది మోరిస్ పంపిన కోడే. అప్పటి ఇంటర్నెట్‌లోని సుమారు 60,000 యంత్రాల్లో 6,000 దాకా దెబ్బతిన్నాయని అంచనా. 1990లో కోర్టు మోరిస్‌కు 3 ఏళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా వేసింది.

దీనికి చేసిన మరమ్మతు ఏమిటో తెలుసా? గెట్స్ తీసేసి ఎఫ్‌గెట్స్ పెట్టడం. ఎఫ్‌గెట్స్ చోటెంతో అడుగుతుంది. ఒక్క వరుస మార్పు.

మరి గెట్స్ ఆ మర్నాడే పోయిందా? పోలేదు. 1989 నాటి సీ ప్రమాణంలో ఉంది, 1999 ప్రమాణంలోనూ ఉంది. చివరికి 2011 ప్రమాణం వచ్చాక గానీ దాన్ని తీసెయ్యలేదు. ప్రమాదం కళ్లముందు జరిగాక 23 ఏళ్లు. పాత కోడ్ చెడిపోతుందని, అందరికీ అలవాటైపోయిందని, తర్వాత చూద్దామని. మన ఆఫీసుల్లో రోజూ వినే కారణాలే ఇవి. మీ చేతిలో ఉన్న ప్రోగ్రామ్‌లో ఇలాంటిదొకటి కనబడిన రోజునే తీసెయ్యండి. తర్వాత అంటే ఎంతకాలమో గెట్స్ చెబుతోంది.

సేఫ్ అనే పేరు చాలదు

స్టర్‌కాపీ ప్రమాదం అనగానే అందరూ చెప్పే మందు స్టర్‌ఎన్‌కాపీ. మూడో సంగతిగా ఒక సంఖ్య కూడా తీసుకుంటుంది కాబట్టి ఇది సేఫ్ అని నోట్సుల్లో రాసుకుంటారు, ఇంటర్వ్యూల్లో చెబుతారు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే మంచి ప్రోగ్రామర్లు కూడా మోసపోయేది ఇక్కడే.

పాత యూనిక్స్‌లో డైరెక్టరీలో ఒక్కో ఫైలుకు 16 బైట్లు ఉండేవి. ఫైలు నంబరుకు 2, పేరుకు 14. పేరు పొట్టిదైతే మిగిలిన చోటంతా సున్నాలు నింపాలి. సరిగ్గా 14 అక్షరాలుంటే చివర సున్నా అక్కర్లేదు, చోటు 14 అని అందరికీ తెలుసు కదా. స్టర్‌ఎన్‌కాపీ పుట్టింది ఇలాంటి గళ్ల కోసం. ఆ పని అది చక్కగా చేస్తుంది. మామూలు స్ట్రింగుల భద్రత కోసం దాన్ని ఎవరూ తయారు చెయ్యలేదు. మనమే తెచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టాం.

మన 8 బైట్ల చోట్లోకి స్టర్‌ఎన్‌కాపీతో నల్గొండ ఎక్కించి చూడండి. 8 అక్షరాలూ సరిగ్గా కూర్చుంటాయి. హద్దు దాటదు, చార్జీ 300 అలాగే ఉంటుంది. కానీ చివర సున్నా ఉండదు. ఇప్పుడు ఊరి పేరు ప్రింట్ చెయ్యమంటే, ప్రింట్ఎఫ్ సున్నా కోసం వెతుక్కుంటూ చార్జీలోకి నడిచిపోతుంది. చార్జీ మొదటి బైటు 44. ఆస్కీ పట్టికలో 44 అంటే కామా. తెరమీద నల్గొండ పక్కన ఒక కామా, దాని వెనక కంటికి కనబడని ఇంకో గుర్తు. కామా ఎక్కడి నుంచి వచ్చిందని ప్రింట్ చేసిన వరుసలో వెతుకుతారు. తప్పు ఉన్నది అక్కడ కాదు, అంతకుముందెప్పుడో కాపీ చేసిన వరుసలో.

ఇంకో సంగతి. 4,096 బైట్ల బఫర్‌లోకి 6 అక్షరాల గుంటూరును స్టర్‌ఎన్‌కాపీతో పెడితే మిగిలిన 4,090 బైట్లకూ అది సున్నాలు నింపుకుంటూ పోతుంది. లక్షలసార్లు తిరిగే లూప్‌లో ఇది చిన్న ఖర్చు కాదు.

సంఖ్య ఇవ్వడంలో కూడా రెండు పొరపాట్లు పదేపదే చూస్తుంటాను. మొదటిది, మూడో సంఖ్యగా ఎక్కించాల్సిన పేరు పొడవునే ఇవ్వడం. స్టర్‌లెన్‌తో పేరు కొలిచి, అంతే కాపీ చెయ్యమంటారు. వచ్చేవాడు ఎంత పొడుగో కొలిచారు గానీ గుమ్మం ఎంత ఎత్తో చూడలేదు. కొలత ఎప్పుడూ గమ్యానిది కావాలి. రెండోది సైజాఫ్ మీద గుడ్డి నమ్మకం. అర్రేను ఫంక్షన్‌కు పంపగానే లోపల అది పాయింటర్ అయిపోతుంది. 64 బిట్ల యంత్రంలో పాయింటర్ సైజు 8. మీ అర్రే కూడా అనుకోకుండా 8 బైట్లదే అయితే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. పేర్లు పట్టడం లేదని ఎవరో దాన్ని 64 చేసిన రోజున, చోటు పెంచినా పేర్లు 8 దగ్గరే ఎందుకు ఆగుతున్నాయో ఎవరికీ అర్థం కాదు. అందుకని ఫంక్షన్‌కు అర్రేతో పాటు దాని సైజునూ విధిగా పంపండి. రెండూ జంటగానే ప్రయాణం చెయ్యాలి.

ఒక స్ట్రింగ్ చివర ఇంకోటి కలిపే స్టర్‌ఎన్‌క్యాట్‌తోనూ జాగ్రత్త. దానికిచ్చే సంఖ్య బఫర్ మొత్తం సైజు కాదు, ఇంకా ఎన్ని అక్షరాలు కలపాలన్నది. సున్నాను దానికి అదనంగా రాస్తుంది.

పేర్లో జాగ్రత్త ఉన్నవన్నీ పనిలో జాగ్రత్తగా ఉండవు. ఫంక్షన్ మీకు కొత్తదైతే మాన్యువల్ పేజీ తెరిచి రెండు సంగతులు చూడండి. పట్టకపోతే ఇది ఏం చేస్తుంది? ఆ సంగతి నాకు ఎలా చెబుతుంది?

కత్తిరించడం ఒకటి, చెప్పడం ఇంకొకటి

ఈ రెండు ప్రశ్నలకూ జవాబిస్తూ 1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్టర్‌ఎల్‌కాపీ వచ్చింది. రాసినవాళ్లు టాడ్ మిల్లర్, థియో డి రాట్. దీనికి గమ్యం పూర్తి సైజు ఇస్తాం. చోటు కొంచెమైనా ఉంటే చివర సున్నా తప్పకుండా పెడుతుంది. అన్నిటికంటే మంచి గుణం, అసలు పేరు ఎంత పొడవో తిరిగి చెబుతుంది. 8 బైట్లలో నల్గొండ పెట్టమంటే 7 అక్షరాలు, సున్నా పెట్టి, అసలు పొడవు 8 అంటుంది. వచ్చిన సంఖ్య మీ చోటుతో సమానమైనా, ఎక్కువైనా, తోక తెగిందని అర్థం. ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ కూడా ఇదే పద్ధతిలో, పూర్తిగా రాసి ఉంటే ఎంతయ్యేదో చెబుతుంది.

ఇంత మంచిది కదా, అందరూ వెంటనే తీసుకున్నారా? బీఎస్‌డీలు, మ్యాక్ ఓఎస్, ఆండ్రాయిడ్ తీసుకున్నాయి. లైనక్స్‌లో ఎక్కువమంది వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ మాత్రం ఒప్పుకోలేదు. అప్పట్లో దాని బాధ్యత చూసిన ఉల్రిచ్ డ్రెపర్ అభ్యంతరం గట్టిది: చప్పుడు లేకుండా తోక తెంచడం కూడా తప్పే, పొడవు తెలియకుండా కాపీకి దిగడమే అసలు లోపం అని. ఆ వాదం పాతికేళ్లు సాగింది. చివరికి 2023లో జీలిబ్‌సీ 2.38లో స్టర్‌ఎల్‌కాపీ చేరింది, 2024లో పోజిక్స్ ప్రమాణంలోకీ వచ్చింది.

ఈ వాదంలో నేను స్టర్‌ఎల్‌కాపీ పక్షమే. ప్రోగ్రామర్లు ఎలా ఉండాలో కాకుండా ఎలా ఉంటారో చూసి తయారు చేసిన పనిముట్టు అది. కానీ అవతలివాళ్ల మాటలో నిజం ఉంది, దాన్ని వదలకూడదు. హద్దు దాటకపోయినంత మాత్రాన ప్రోగ్రామ్ సరైనదైపోదు. ఒక ఫోల్డర్ లోపలి ఫైలును చెరిపెయ్యాలి, పాత్ పొడవెక్కువై చివరి భాగం తెగింది, మిగిలిన పాత్ పై ఫోల్డర్‌ది. ఇప్పుడు డిలీట్ ఎవరి మీద పడుతుంది? మెమరీ క్షేమం, డేటా గల్లంతు. పాత యూనిక్స్ పాస్‌వర్డ్ పద్ధతి మొదటి 8 అక్షరాలనే లెక్కలోకి తీసుకునేది. 20 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకుని ధీమాగా ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పేది కాదు.

లైనక్స్ కెర్నల్ వాళ్లు రెండు వైపులా విన్నారు. 2015లో వాళ్లు తెచ్చిన స్టర్‌ఎస్‌కాపీ, పట్టకపోతే నేరుగా ఎర్రర్ నంబరే తిరిగిస్తుంది. పొడవు లెక్కలతో పోల్చుకునే పని లేదు, వచ్చింది రుణ సంఖ్య అయితే తెగినట్టు. పైగా స్టర్‌ఎల్‌కాపీ అసలు పొడవు చెప్పడం కోసం మూలాన్ని చివరిదాకా చదవాలి. మూలానికే సున్నా లేకపోతే అది ఎటో వెళ్లిపోతుంది. స్టర్‌ఎస్‌కాపీకి ఆ అవసరం లేదు. ఒక్కో చోటా మార్చుకుంటూ వచ్చి, 2024 మొదట్లో కెర్నల్ నుంచి స్టర్‌ఎల్‌కాపీని పూర్తిగా తీసేశారు. ఒక మంచి పరిష్కారాన్ని అంతకంటే మంచిది దొరికినప్పుడు వదలగలగడం, అదీ ఓపిగ్గా, నాకు చాలా గౌరవం కలిగించే పని.

మీరు సీలో రాస్తుంటే కోడ్ కంటే ముందు ఈ నిర్ణయం చెయ్యండి: పట్టకపోతే వద్దనాలా, చోటు పెంచాలా, కత్తిరించాలా? పాస్‌వర్డ్, ఫైల్ పాత్, ఖాతా నంబరు, వీటిని ఎన్నడూ కత్తిరించకండి, పొడవెక్కువైందని వెనక్కి పంపండి. ఉత్తరం, అడ్రెస్, మనిషి పేరు లాంటివైతే పొడవు కొలిచి కావలసినంత మెమరీ అడిగి తీసుకోండి. లాగ్‌లో వేసే మెసేజ్ అయితే కత్తిరించండి, ఫర్వాలేదు, చివర మూడు చుక్కలు పెట్టండి. ఏ దారి పట్టినా ఫంక్షన్ తిరిగిచ్చిన విలువను చూడకుండా వదలకండి. అది చెబుతోంది, వినకపోవడం మన తప్పే.

మన పేర్ల సంగతి

తెలుగువాళ్లకు ఈ గొడవ ఇంకాస్త దగ్గరిది. వెంకటేశ్వర్లు అనే పేరు ఇంగ్లిష్‌లో 13 అక్షరాలు, సున్నాతో 14 బైట్లు. అదే పేరు తెలుగులో యూనికోడ్ లెక్కన కూడా 13 గుర్తులే. వకారం ఒకటి, ఎత్వం ఒకటి, సున్న ఒకటి, అలా. కానీ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. 39, చివరి సున్నాతో 40. ఇంగ్లిష్ పేర్లు చూసుకుని 32 బైట్లు చాలునని పెట్టిన బఫర్‌లో ఇది పట్టదు.

స్టర్‌ఎల్‌కాపీ 31 బైట్లు ఎక్కిస్తుంది. 10 గుర్తులకు 30 బైట్లు, పదకొండో గుర్తు అయిన పొల్లులో మొదటి బైటు ఒక్కటి. తెరమీద "వెంకటేశ్వర", దాని పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. ఆ విరిగిన బైటును తీసెయ్యడం కష్టం కాదు. యూటీఎఫ్-8లో కొనసాగింపు బైట్లన్నీ 10 అనే రెండు బిట్లతో మొదలవుతాయి. కత్తిరించే చోట కొనసాగింపు బైటు ఉంటే, ఆ గుర్తు మొదటి బైటు దాకా వెనక్కి నడిచి అక్కడ కత్తిరించాలి.

అలా చేస్తే ప్రశ్నార్థకం పోతుంది. మిగిలింది వెంకటేశ్వర. బైట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, మనిషి మాత్రం వేరే మనిషి అయిపోయాడు. ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి ఉంటే ఆ మనిషి ఎన్ని కౌంటర్ల చుట్టూ తిరగాలో మన ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మనిషి పేరుకు కత్తిరించకుండా కావలసినంత మెమరీ తీసుకోండని పైన చెప్పింది అందుకే.

కత్తిరించక తప్పని చోట కూడా బైటు హద్దు చాలదు. ఎనిమిదో గుర్తు దగ్గర తెంపితే "వెంకటేశ్" అని పొల్లు వేలాడుతుంది. అక్షరం మొత్తాన్ని, వత్తుతో గుణింతంతో కలిపి ఒక ముక్కగా చూసే పద్ధతి యూనికోడ్‌లో ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదనే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు చేరింది. ఐసీయూ లాంటి లైబ్రరీలు ఈ పని చేసిపెడతాయి, మీరే రాసుకోవాలని పట్టుపట్టకండి.

ఎస్ఎమ్మెస్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక మెసేజ్‌కు చోటు 140 బైట్లు. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 గుర్తులు. "శ్రీ" ఒక్కటే అందులో నాలుగు తింటుంది. తెలుగు మెసేజ్ పంపే ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఇంగ్లిష్ లెక్క పెట్టుకుంటే మెసేజ్ సగంలో తెగుతుంది, లేదా మూడు మెసేజ్‌ల ఖర్చు పడుతుంది.

ఇప్పుడు మీ సంగతి

కోడ్‌లో ఈ ప్రశ్న అడగడం అలవాటైన మనిషి పనిలోనూ అడగగలుగుతాడు. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సోమవారం మీటింగ్‌లో లీడ్ అంటాడు: "పేమెంట్ స్క్రీన్ కూడా ఈ శుక్రవారానికి అయిపోతుందా?" నోటికి వచ్చే జవాబు "అయిపోతుంది అన్నా." వారంలో ఎంత చోటుందో, ముందు ఒప్పుకున్నవి ఎన్నో చూడకుండా ఇచ్చిన మాట అది. పని మాత్రం ఎక్కడికో ఒలకక మానదు. టెస్టింగ్ మీద పడుతుంది, పక్కవాడి ఆదివారం మీద పడుతుంది, మీ నిద్ర మీద పడుతుంది. తలుపు వేసి "కుదరదు" అనేవాళ్లూ ఉంటారు. దానితోనూ పని నడవదు.

ఇలా చెప్పి చూడండి: "అన్నా, శుక్రవారానికి రెండు అవుతాయి. మూడోది పెట్టుకుంటే టెస్టింగ్‌కు టైం ఉండదు. ఏది ఆపమంటారు?" ఎంత పడుతుందో చెప్పారు, ఎంత మిగిలిందో చెప్పారు, నిర్ణయం తీసుకోవాల్సినవాళ్ల చేతిలో పెట్టారు. లీడ్ మొహం కాసేపు ముడుచుకోవచ్చు. గురువారం రాత్రి తెలియడం కంటే సోమవారం పొద్దున తెలియడం అతనికీ మేలే. ఇలా చెప్పేవాళ్ల మాట మీద కొద్ది నెలల్లోనే గురి కుదురుతుంది. వాళ్లు "అవుతుంది" అంటే ఇక ఎవరూ రెండోసారి అడగరు.

మాట ఇచ్చాక మధ్యలో కుదరదని తేలితే? అప్పుడు కూడా అంతే, తెగిన వెంటనే చెప్పండి. సగం చేసిన పనిని పూర్తయినట్టు అప్పగించడం, చివర సున్నా లేని స్ట్రింగ్‌ను ఇంకొకరి చేతిలో పెట్టడమే.

ఇక మళ్లీ కోడ్ పనిలోకి దిగుదాం. మీ ప్రాజెక్టు తెరిచి స్టర్‌కాపీ, స్టర్‌క్యాట్, స్ప్రింట్ఎఫ్, గెట్స్, స్టర్‌ఎన్‌కాపీ అని వెతకండి. అన్నీ ఒక్క రోజులో మార్చెయ్యాలని కూర్చోకండి, కొత్త తప్పులు దూరుతాయి. ముందు బయటి నుంచి వచ్చే డేటాను ముట్టుకునే చోట్లు పట్టుకోండి: నెట్‌వర్క్, ఫైలు, ఫారమ్, కమాండ్ లైన్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. మీ కోడ్‌లోనే రాసిపెట్టిన స్థిరమైన పేర్లు తర్వాత చూసుకోవచ్చు.

కంపైలర్ వార్నింగులన్నీ ఆన్ చెయ్యండి, వచ్చిన ప్రతిదాన్నీ చదవండి. ఫార్టిఫై సోర్స్ అనే రక్షణ ఆప్షన్‌ను రెండో స్థాయిలో, ఆప్టిమైజేషన్‌తో కలిపి పెట్టండి. సైజు తనకు తెలిసిన చోట స్టర్‌కాపీ హద్దు దాటితే ప్రోగ్రామ్‌ను అక్కడే ఆపేస్తుంది. టెస్టుల్లో అడ్రెస్ శానిటైజర్ వాడండి, ఏ వరుసలో దాటిందో నంబరుతో సహా చూపిస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. శానిటైజర్ కాపలా కాసేది మెమరీలో వేర్వేరు వేరియబుల్స్ మధ్య. ఒకే స్ట్రక్చర్ లోపల ఒక గది నుంచి పక్క గదిలోకి ఒలికితే మామూలుగా పట్టుకోదు. పేరు నుంచి చార్జీలోకి జారిన ఒక్క సున్నా దానికి కనబడదు. అక్కడ కోడ్ రివ్యూలో మనిషి కన్నే దిక్కు.

మార్చిన ప్రతి చోటుకూ టెస్టులు రాయండి. చోటు 8 బైట్లయితే 6, 7, 8, 9 అక్షరాల పేర్లు ఇచ్చి చూడండి, తప్పులన్నీ ఆ గట్టు మీదే ఉంటాయి. ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి. పదివేల అక్షరాల చెత్త ఇవ్వండి. ఒక తెలుగు పేరు, వత్తులున్నది, తప్పకుండా ఇవ్వండి. ప్రతి టెస్టులోనూ కాపీ అయిన పేరుతో పాటు దాని పక్కనున్న విలువ మారలేదని కూడా సరిచూడండి, ఫంక్షన్ తిరిగిచ్చిన సంఖ్యనూ సరిచూడండి. టెస్టులూ మార్పూ ఒకే కమిట్‌లో వెయ్యండి. పట్టకపోతే మీరేం నిర్ణయించారో, ఎందుకు నిర్ణయించారో కమిట్ మెసేజ్‌లో రెండు వాక్యాల్లో రాయండి. ఆ చోటు చాలక 8ని 64 చెయ్యడానికి రేపు ఎవరో వస్తారు, ముందుగా చదివేది దాన్నే.